చెయ్యి పెట్టు సార్, ఏం గాదు

అన్నా,

నువ్వు చదవవని తెలిసే రాస్తాండా. మన బండల ఫ్యాక్టరీలో ఈపొద్దు కొత్త కోత మిషన్‌కు పూజ జేసినారు. నిమ్మకాయలు కట్టి గుమ్మడికాయ కొట్టినారు. బండను నెట్టేది, కొలత చూసుకునేది అంతా కంప్యూటరే. మనిషి చెయ్యి దగ్గరికి పోతే సెన్సారు కనిపెట్టి బ్లేడును ఆపేస్తాదంట.

ఆ మాట ఓనరు వచ్చినోళ్లందరికీ చెప్పి మురిసిపోతాండాడు. నాకు కడుపు మండిపోయింది. పాత మిషన్‌లో బండ ఇరుక్కున్నప్పుడు "ఆపితే పని చెడతాది, చెయ్యి పెట్టి లాగప్పా, ఏం గాదు" అని నీకు చెప్పింది ఆ నోరే. నువ్వు పోయినాక "వాడే చూసుకోకుండా పెట్టినాడు" అని పోలీసోళ్లకు చెప్పింది గూడా ఆ నోరే.

దాన్ని నడిపేది నేర్చుకున్నది ఈడ నేనొక్కదాన్నే. ఆన్ జేసి, అందరి ముందర ఓనరుతో చెప్పినా.

"చెయ్యి పెట్టు సార్, ఏం గాదు."

నవ్వినాడు. నేను నవ్వలేదు.

"ఏమ్మా, ఎగతాళా?"

"ఆగుతాదని నువ్వే చెప్తాంటివి గదా సార్."

వాని చెయ్యి జేబులోకి పోయింది. అప్పుడు నేనే పెట్టినా. జానెడు దూరం ఉండంగానే బ్లేడు ఆగిపోయింది. అందరూ చప్పట్లు కొట్టినారు. వాడు మాత్రం చెమట తుడుచుకుంటాండాడు.

నీకు చెప్పిన మాటను వాడే నమ్మలేదన్నా.

రేపు పొద్దున మిషన్ ఆన్ జేసేటప్పుడు మళ్లీ పిలుస్తా. ఎల్లుండి గూడా పిలుస్తా. వాడు చెయ్యి పెట్టేదాకా, రోజూ అదే మాట చెప్పి పిలుస్తా.

నీ చెల్లెలు