గ్రేసక్క సాక్ష్యం

హైదరాబాద్, ఫిబ్రవరి 2000

ప్రియమైన గ్రేసక్కకు,

నీ తమ్ముడు మోషే వందనాలు. అమీర్‌పేటలో మా కంపెనీ బోర్డు లేచింది. ఇంటికి నర్సు కావాలంటే కంప్యూటర్‌లో అడిగితే చాలు, పంపిస్తాం. ఈ ఊళ్లో ఇప్పుడు మేడకో డాట్‌కామ్. మాకు నర్సులే తక్కువ. మన పెద్దన్న కూతురు ఎస్తేరు వస్తానంటోంది. రాయపూర్ తెలుగు చర్చిలో నీ మాటంటే గురి. ఆదివారం నిలబడి, దేవుడు నన్నెలా నడిపిస్తున్నాడో సాక్ష్యం చెప్పు. మరికొందరు కదులుతారు.

నీ తమ్ముడు,
మోషే


రాయపూర్, మార్చి 2000

ప్రియమైన మోషేకు,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత ఒళ్లు మండింది. నర్సులు లేని నర్సుల కంపెనీయా? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. జ్వరంతో మూలిగేవాడు నీ కంప్యూటర్‌కు ఫోను లైను కలిసేదాకా ఆగుతాడా?

ఎస్తేరుది రైల్వే ఆసుపత్రిలో పర్మనెంటు ఉద్యోగం. తండ్రి లేని పిల్ల. వదిన దాని మీదే బతుకుతోంది. అది గుర్తుందా నీకు? మా పక్కింటి గంగాభవాని పెళ్లికి మీ ఊరే వస్తున్నాను. కళ్లతో చూడనిదే నేను సాక్ష్యం చెప్పను.

అక్క,
గ్రేస్


హైదరాబాద్, మార్చి 2000

ప్రియమైన అక్కకు,

నువ్వొచ్చిన రోజు డబ్బు పెట్టే పెద్దమనిషి గుమ్మం దగ్గర కూర్చున్నాను. ఆయన నన్ను లోపలికి పిలవనే లేదు. నా భాగస్వామి చెన్నకేశవులు నీ మాటలన్నీ చెప్పాడు. తనను చూసి 'మెడకు టై ఉంది, కడుపులో మెతుకు లేదు' అన్నావట. ఎంతైనా తమ్ముణ్ణి కదా. చర్చిలో మాత్రం కాస్త చూసి మాట్లాడు.

మోషే


రాయపూర్, ఏప్రిల్ 2000

ప్రియమైన మోషేకు,

ఆదివారం నిలబడ్డాను. చూసింది చూసినట్టు, చెన్నకేశవులు దగ్గర విన్నది విన్నట్టు చెప్పాను. బిల్లు కట్టలేదని ఫోను కోసేశారన్నాను. చదువుకున్న కుర్రాళ్లు పట్టపగలు బల్లల మీద నిద్రపోతున్నారన్నాను. నా తమ్ముడు బన్ను ముక్కతో పూట గడుపుతున్నాడన్నాను. ప్రతి మాటకూ జనం 'స్తోత్రం' అన్నారు. నాకు ముందు అర్థం కాలేదు.

మనవాళ్ల సాక్ష్యాల తీరు నీకు తెలుసుగా. ముందు కష్టాలు, చివర దీవెన. కష్టం ఎంత పెద్దదైతే దీవెన అంత పెద్దదని వీళ్ల నమ్మకం. నేను దీవెన ఊసెత్తకుండానే కూర్చున్నాను, లేనిదాన్ని ఎక్కణ్ణుంచి తేను? మిగతాది వాళ్లే పూర్తిచేసుకున్నారు. సామ్యూల్ పాస్టరుగారు కళ్లు తుడుచుకుని పాట ఎత్తుకున్నారు. అక్కడేమీ లేదని చెబుదామని మళ్లీ లేస్తే డోలక్ మోతలో నా గొంతు ఎవరికి వినపడుతుంది? ఇంత బుద్ధిలేని జనాన్ని నేనెక్కడా చూడలేదు.

సాయంత్రం ఎస్తేరు వచ్చింది. "అత్తా, బాబాయి ఇంత తక్లీఫ్ పడ్డాడంటే కంపెనీ పక్కా చలేగీ, నడిచి తీరుతుంది. నేనైతే వెళ్తా" అంది. సెలవు పెట్టి గురువారం రైలెక్కుతోంది. రాజీనామా సంచిలోనే ఉంది, అక్కణ్ణుంచే పోస్టు చేస్తుందట. నేను నిజం చెప్పినా ఇక్కడ సువార్త అయిపోతోంది. ఆ పిల్ల బతుకు నీ నోట్లో ఉంది. స్టేషన్‌కు వెళ్లు.

గ్రేస్


హైదరాబాద్, ఏప్రిల్ 2000

ప్రియమైన అక్కకు,

ఈ ఉత్తరం ఎస్తేరు చేతికే ఇచ్చి పంపుతున్నాను. స్టేషన్‌లో దిగగానే "బాబాయ్, పదండి ఆఫీసుకు" అంది. ఆఫీసు లేదని చెప్పాను. నువ్వు వెళ్లిన వారానికే ఖాళీ చేయించారు. చెన్నకేశవులు ఎదురు మేడలో ఇంకో డాట్‌కామ్‌లో చేరాడు, అదే టైతో. ఈ సిగ్గులేని ఊళ్లో ఇంకా బోర్డులు లేస్తూనే ఉన్నాయి.

అంతా విని కూడా ఆ పిల్ల మొహంలో వెలుగు తగ్గలేదు. "ఇది కష్టాల భాగమే కదా బాబాయ్?" అంది.

"ఇదే మొత్తం, అమ్మా. దీని తర్వాత ఏమీ లేదు" అన్నాను.

చాలాసేపు ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఏడ్చింది. తర్వాత సంచిలోంచి రాజీనామా తీసి తనే చింపేసింది. నువ్వు మాత్రం ఏమీ అనకు దాన్ని.

నేను వచ్చే వారం శనివారం రాయపూర్‌లో దిగుతాను. ఆదివారం నేనే నిలబడి చెబుతాను. నువ్వు ముందే వెళ్లి ఆ డోలక్ ఎక్కడైనా దాచిపెట్టు.

నీ తమ్ముడు,
మోషే