రెండంగుళాల వదులు

అక్కకి చెల్లెలు రాస్తున్నది,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అలా రాయాలి కాబట్టి రాశాను. నా ఒళ్ళు మాత్రం హూనమైపోయింది.

అసలు విషయం, నాకు ఉద్యోగం వచ్చింది. మా వీధి చివర కళ్ళ డాక్టరుగారి దగ్గర బల్ల వెనక కూర్చుని, వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుని, వరసగా లోపలికి పంపడం. పిల్ల పుట్టినప్పుడు పని మానేసినదాన్ని, ఇన్నేళ్ళకి మళ్ళీ గడప దాటుతున్నాను. వచ్చే నెల మొదటి సోమవారం చేరమన్నారు. చేరడానికి ఒంటి మీదకి ఒక్క మంచి గౌను లేదు.

నవ్వకు. ఇంటిల్లిపాదికీ కుట్టేది నేనే. కానీ నాకని కొన్న ప్రతి గుడ్డా ముందు పిల్ల గౌనవుతుంది. మిగిలింది పిల్లాడి చొక్కా అవుతుంది. ఇంకా మిగిలితే సంచీ అవుతుంది. నా వంతుకి పీలికలొస్తాయి. అందుకే ఈసారి ముదురు నీలం గుడ్డ కొని బీరువా వెనక దాచాను.

కుట్టుకోవడం నాకు వచ్చు. నా గుడ్డకి నేను కత్తెర పెట్టాలంటేనే చెయ్యి ఆడదు. పిల్లలదైతే తేడా వచ్చినా ఫరవాలేదు, వాళ్ళు పెరిగి సర్దుకుంటారు. నేను సర్దుకోలేను కదా. కాబట్టి గుడ్డ నీకు పంపుతున్నాను. నువ్వు కోసి ఇయ్యి చాలు, నేను కుట్టుకుంటాను. కొలతకి ఆదిగా పెళ్ళినాటి గౌను పంపుదామనుకున్నాను, అది భుజాల దగ్గరే ఆగిపోయి ఇక నా వల్ల కాదంది. కొలతలు రాసి పెట్టాను. నా వీపు నేనే కొలుచుకోవాలి కదా, టేపు రెండో కొస మావాడి చేతికిచ్చాను. వాడు దాన్ని పట్టుకుని రైలాట ఆడుతూ గదంతా తిరిగొచ్చాడు. అయినా కొలతలు జాగ్రత్తగానే వేశాను.

ఇట్లు, భోజనాల బల్ల మీద గుడ్డలు తీస్తూ పళ్ళాలు పెడుతూ, పళ్ళాలు తీస్తూ గుడ్డలు పరుస్తూ
నీ చెల్లెలు

తా.క. గుడ్డ మిగల్చాలని చూడకు. నువ్వు కోసిన చొక్కాలో బావ చేతులు పైకెత్తి ఎన్నేళ్ళయిందో ఆయన్నే అడుగు.

*

పిచ్చుకా,

గుడ్డ చేరింది. కొలతల కాగితం చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. మీ బావకి చూపించాను. ఆయన "ఓహో" అన్నారు. నేనూ "ఓహో" అన్నాను. నువ్వు నోరు విప్పకపోయినా నడుం కొలత చెప్పేసింది. సరే, నీకు చెప్పాలనిపించినప్పుడే చెప్పు. అడిగి ప్రాణం తీసే మనిషిని కాదు నేను.

ఇలాంటప్పుడు నువ్వు మిషను తొక్కడం ఏమిటే? అందుకే కోసి ఊరుకోకుండా నేనే కుట్టేశాను. చిన్నప్పటినుంచీ నీ సంగతి నాకు తెలియనిదా? నడుం కొలవబోతే ఊపిరి బిగబట్టి రెండంగుళాలు మింగేసే రకానివి. అందుకని ఆ రెండూ కలిపాను. ముందుముందు అవసరానికి ఇంకో నాలుగు కలిపాను. గుడ్డ చాలకపోతే నా దగ్గరున్న నీలం గుడ్డ తీసి అతికాను. పిసినారినన్నావుగా, ఇప్పుడేమంటావో చూస్తాను. ముందువైపు మెడ నుంచి కిందిదాకా గుండీలు పెట్టాను. కాజాలు కుట్టీ కుట్టీ నా వేళ్ళు పడిపోయాయి. సుఖం నీకే తరవాత తెలుస్తుంది.

గౌను మడతలో ఒక చిన్న పొట్లం ఉంది. మెత్తటి పాత బట్టతో చేతికుట్టు కుట్టినవి. దాచి పెట్టుకో.

బరువులెత్తకు. పిల్లల వెంట పరుగులు పెట్టకు.

నీ మేలు కోరే, నడుం పట్టేసిన
అక్క

తా.క. ఈమధ్య మిషను నూనె వాసన అస్సలు పడటం లేదు, కడుపులో తిప్పేస్తోంది. కొట్టువాడు కల్తీ నూనె అంటగట్టాడు. వాడి సంగతి తేలుస్తాను.

*

అక్కా,

పార్సెలు అందింది. విప్పి పట్టుకోబోతే నా చేతులు చాలలేదు. ఒక కొస మీ మరిది పట్టుకున్నారు. ఆయన అటూ ఇటూ చూసి, "దీనికి గుంజ ఎక్కడ పాతాలి?" అనడిగారు. మావాడు లోపల దూరి, గుండీలు పెట్టుకుని, ఇదే మా ఇల్లన్నాడు. వాడి అక్క తలుపు కొట్టి లోపలికెళ్ళింది.

నాకు నవ్వు రాలేదు. నేను నీకు అంత లావుగా కనిపిస్తున్నానా? ఒక్క మాట ఒప్పుకుంటాను. నువ్వెలాగూ బిగుతుగా కోస్తావని అన్ని కొలతలకీ రెండంగుళాలు నేనే కలిపి రాశాను. దాని మీద నువ్వు ఆరు కలిపావా? ఇలాంటప్పుడు మిషను తొక్కకూడదంటావు, ఎలాంటప్పుడు? ఉద్యోగం వచ్చినప్పుడా? ఉద్యోగస్తులు మిషను తొక్కకూడదని ఎవరు చెప్పారు నీకు?

పొట్లంలోవి బొమ్మ టోపీలు చాలా బాగున్నాయి. మా పిల్ల దాని బొమ్మకి పెట్టి ఊరేగిస్తోంది. పెద్దమ్మకి థాంక్స్ చెప్పమంది. ఉన్న చాకిరీ చాలనట్టు బొమ్మలకి కూడా కుట్టే ఓపిక నీకెక్కడిది తల్లీ?

ఇట్లు, గౌనులో తప్పిపోయిన
నీ చెల్లెలు

తా.క. సోమవారం దగ్గరపడుతోంది. నాకు ఏడవడానికి కూడా తీరిక లేదు.

*

పిచ్చుకా,

నీ కోపం చూసి నాకు కోపం రాలేదు. ఇలాంటప్పుడు కోపాలు ఎక్కువే. మన పెద్దాడు కడుపులో ఉన్నప్పుడు నేను మీ బావ మీదకి కత్తెర పెట్టె విసిరాను, గుర్తుందా? టోపీలు బొమ్మకని నువ్వు నా దగ్గర నటించక్కర్లేదు. ఉద్యోగం పోతుందేమోనని దాస్తున్నావు, అంతేగా? నేను ఎవరికీ చెప్పలేదు. మన మేనత్తకి, ఇద్దరు పిన్నులకి తప్ప.

కానీ ఇద్దరు పిల్లల్తో ఒక్కదానివి పడే అవస్థ తలుచుకుంటే నాకు మనసాగలేదు. మీ అత్తగారికి ఒక కార్డు ముక్క రాసి పడేశాను. ఆవిడ మాట పదునే గాని మనసు మంచిది.

నీ గురించే దిగులు పెట్టుకున్న
అక్క

తా.క. నిన్న కాలరు కుడుతూ మిషను మీదే నిద్రపోయాను. చెంప మీద కుట్టు అచ్చు పడింది. వయసు మీద పడుతోందే, ఇంకేం లేదు.

*

అక్కా,

అత్తగారు దిగారు. రెండు పెట్టెలు, ఒక దిండు, నీ కార్డు ముక్క.

వచ్చీ రావడంతోనే మిషనుకి తాళం వేసి తాళంచెవి సంచీలో వేసుకున్నారు. నన్ను మంచమెక్కించారు. పిల్లలకి అన్నాలు ఆవిడే పెట్టారు, గిన్నెలు ఆవిడే తోమారు. నిజం చెప్పొద్దూ, హాయిగా ఉంది. పట్టపగలు పడుకుని ఎన్నేళ్ళయిందో. ఆ సుఖానికి ఆశపడి, అత్తయ్యా అదేం కాదు అని చెప్పడం ఒక్క పూట వాయిదా వేశాను. అదే కొంపముంచింది. ఆ పూటలోనే ఆవిడ కళ్ళ డాక్టరుగారి దగ్గరికెళ్ళి, "మా కోడలు పనిలోకి రాదు, ఇంకో మనిషిని చూసుకోండి" అని చెప్పొచ్చారు.

చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరుగెత్తాను. డాక్టరుగారు నా నడుం కేసి చూడబోయి, మొహమాటపడి, గోడ మీది అక్షరాల పట్టీ కేసి చూస్తూ, "సోమవారం పొద్దున్న మీరొస్తే సరే, లేకపోతే ఇంకొకావిడ ఉన్నారు" అన్నారు. నీ మరిదేమో వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంటూ, నన్ను చూసి సిగ్గుపడుతున్నారు. ఈ వయసులో ఆయన సిగ్గు నేను చూడలేకపోతున్నాను.

విను. నా కడుపులో ఎవ్వరూ లేరు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ వరస. నువ్వు చూసిన ఆ నడుం బిడ్డ కాదే. ఇద్దర్ని కని, వాళ్ళు వదిలేసిన ముద్దలు పారెయ్యలేక తిని, వాళ్ళు చింపుకొచ్చిన లాగులకి అతుకులేస్తూ మిషను ముందు కూర్చుని కూర్చుని తయారైన మనిషి. అది నేను. తోడబుట్టినదానివి, నువ్వే నన్ను చూసి ఇంకెవరో అనుకున్నావు.

విసిగిపోయిన
నీ చెల్లెలు

తా.క. మేనత్త కూడా టోపీలు పంపింది. బొమ్మ తల చిన్నది, అన్ని టోపీలు మొయ్యలేదు.

*

చెల్లీ,

తప్పు నాదే. అడక్కుండా అంగుళాలు కలిపి కొలతలు రాసింది నువ్వే అనుకో. సరే, తప్పు నాదే. నిన్ను అంత మాట అనిపించాను. ఉత్తరం చదివి ఏడ్చాను. మీ బావ కారణం అడిగితే దానికీ ఏడ్చాను.

గౌను వెంటనే తిప్పి పంపు. విప్పి సరిచేసి పంపుతాను. నువ్వు మాత్రం కత్తెర పెట్టకు, చెడగొడతావు.

మొహం చెల్లని
అక్క

తా.క. నూనె కోసం మూడో కొట్టు మార్చాను. అన్ని చోట్లా కల్తీయే. మీ బావ డాక్టరమ్మ దగ్గరికి పదమంటున్నారు. కొట్టువాడు మోసం చేస్తే డాక్టరమ్మ ఏం చేస్తుంది?

*

అక్కా,

నీకు పంపి, అది తిరిగి వచ్చేసరికి సోమవారం దాటిపోయేది. అందుకని కత్తెర పెట్టాను.

కంగారుపడకు, చెప్తాను. అత్తగారికి నిజం చెప్పేశాను.  ఆవిడ సంచీలోంచి తాళంచెవి తీసి మిషను మీద పెట్టి, "టేపు తే" అన్నారు. నా వెనక నిలబడ్డారు. నేను అలవాటుగా ఊపిరి బిగబట్టాను. "ఊపిరి వదులు. రోజంతా ఊపిరి తీసుకోకుండా ఉద్యోగం చేస్తావా?" అన్నారు. వదిలాను. ఇన్నేళ్ళలో నా వీపుని నేను కాక ఇంకొకరు కొలవడం అదే మొదలు అక్కా. ఎందుకో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. టేపు గుచ్చుకుందని చెప్పాను.

గుడ్డ పరిచి సుద్దతో గీత గీశాను.  ఈలోగా పిల్లలిద్దరూ వచ్చి నాకో నాకో అని మొదలుపెట్టారు. ఎప్పుడూ అయితే ముందు వాళ్ళది కోసేదాన్ని. ఈసారి ముందు నాది కోశాను. మిగిలింది వాళ్ళది.

నీ ధర్మమా అని ఎంత మిగిలిందనుకున్నావు? పిల్లకి గౌను, పిల్లాడికి చొక్కా, అత్తగారి కళ్ళజోడుకి సంచీ. సోమవారం పొద్దున్న పిల్లల్ని బడిలో దింపి నేను పనిలోకి వెళ్తుంటే, ముగ్గురం ఒకే తాను ముక్కలమని వీధంతా నవ్వింది. నవ్వితే నవ్వారు. బల్ల వెనక కుర్చీలో కూర్చున్నాను. గౌను ఎక్కడా పట్టెయ్యలేదు.

ఇట్లు, ఉద్యోగస్తురాలైన
నీ చెల్లెలు

తా.క. గౌను ఎడమ చేతి కుట్టు కాస్త వంకర పోయింది. కళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్ళకి అది కనపడదు. అద్దాలు పెట్టుకున్నాక వాళ్ళు నా దగ్గర ఎందుకుంటారు?

ఇంకో తా.క. టోపీలన్నీ బొమ్మ దగ్గర లాక్కుని ఉతికి దాచాను. ఎవరికి పంపాలో చెప్పు.

*

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివే ఓపిక లేక మీ బావ చేత చదివించుకుని పడుకుని విన్నాను. కత్తెర పెట్టాను అన్న చోట లేచి కూర్చున్నాను. మొత్తం కోసేశావా? గుండీల వైపు కూడానా? నేను అన్ని కాజాలు కుట్టిన వైపు?

నూనె కల్తీ కాదట. డాక్టరమ్మ చెప్పింది.

ముగ్గురు కొట్టువాళ్ళకీ క్షమాపణ చెప్పడానికి మీ బావ వెళ్ళారు, నాకు మొహం చెల్లక. నలభై దాటినదాన్ని, మీసాలొచ్చిన కొడుకున్నదాన్ని. వాడికి ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఎక్కడో ఉన్న నీ నడుం కాగితం మీద చూసి కనిపెట్టేశానని నీలిగాను. నా నడుం నా కళ్ళ ముందే పెరుగుతుంటే, ఉతికితే గౌన్లు కుంచించుకుపోతున్నాయని గుడ్డల కొట్టువాడినీ తిట్టొచ్చాను. మీ బావ అక్కడికీ వెళ్ళాలి.

నవ్వడం అయిందా? ఇప్పుడు విను. నాకు భయంగా ఉందే. సంతోషంగానూ ఉంది. ఒంట్లో మాత్రం ఓపిక లేదు, మిషను దగ్గరికి వెళ్తే తల తిరుగుతోంది. ఇన్నేళ్ళూ అందరికీ నేనే కుట్టాను, నాకు ఎవరూ ఒక్క గుడ్డ కుట్టి ఎరగరు. నువ్వు కుట్టి పెట్టు. ముదురు నీలమే. ముందువైపు మెడ నుంచి కిందిదాకా గుండీలు. కొలతలు మీ బావ వేశారు, ఊపిరి వదిలే నిలబడ్డాను. కుట్టు వంకరైనా ఫరవాలేదు.

ఆ టెంటు గౌను అసలు హక్కుదారు,
నీ అక్క

తా.క. ఉన్న కొలతే రాశాను. నీ తెలివితేటలతో ఒక్క అంగుళం కూడా కలపకు.

ఇంకో తా.క. టోపీలన్నీ నాకే పంపు. మేనత్తవి కూడా.

మళ్ళీ తా.క. కవరు అంటించాక ఊడదీసి రాస్తున్నాను. ఓ ఆరంగుళాలు కలుపు. ఈసారి లోపల నిజంగానే ఒకరున్నారు.