లాయరమ్మ చెప్పని పేరు

అరోరా, అమెరికా

లాయరు నమ్రత గారికి నమస్కారం.

నా పేరు వీరాంజనేయులు, రిటైరైన ఇంజినీరుని. గుడి నోటీసుబోర్డులో మీ కార్డు చూశాను. నేను వీలునామా రాయించుకోవాలి. మా ఆవిడ బాలమణికి తెలియకూడదు. ఆ మాట వింటే అన్నం మానేస్తుంది. ఫోన్ చేస్తే వింటుందని ఉత్తరం రాస్తున్నాను.

ఇట్లు,
వీరాంజనేయులు

తా.క. కార్డు మీద మీ ఫొటో బాగుంది. కోర్టులో మాత్రం కాస్త కోపంగా కనిపించండి.

*

అంకుల్ గారికి నమస్తే.

సారీ, మీ పని నేను తీసుకోలేను. నా క్లయింట్ ఒకరికీ మీకూ మధ్య చిక్కు వస్తుంది. అంతకంటే చెప్పడానికి రూల్స్ ఒప్పుకోవు. కౌంటీ బార్ అసోసియేషన్‌కి కాల్ చేస్తే దగ్గర్లోని లాయర్ల పేర్లు ఇస్తారు.

ఉంటాను,
నమ్రత

తా.క. నా తెలుగులో తప్పులుంటే మా అమ్మను అనండి. ఆవిడే నేర్పింది.

*

లాయరు గారికి,

అంటే నామీద ఎవరో కేసు వేశారన్నమాట. పక్కింటి రిక్ అయ్యుంటాడు. మా సొరతీగ అతని కంచె ఎక్కింది. నిన్న మొదలంటా కోసేశాను. బాలమణి అదేం పట్టించుకోకుండా, ఈమధ్య అలవాటైనట్టే గుడికని వెళ్లిపోయింది.

భవదీయుడు,
వీరాంజనేయులు

తా.క. రెండు కాయలు పంపుతున్నాను. లంచం కాదు, లేతవి.

*

అంకుల్ గారూ,

నా క్లయింట్ రిక్ అని గానీ, కాదని గానీ చెప్పలేను. ప్లీజ్, ఎవరిమీదా కోపం పెట్టుకోకండి.

నమ్రత

తా.క. కాయలు వెనక్కి పంపడం రూల్. ఈలోపే అమ్మ వండేసింది.

*

అమ్మా నమ్రతా,

కాదనలేదు కాబట్టి అతనే. మైసూర్‌పాక్ డబ్బా పట్టుకెళ్లి క్షమించమన్నాను. "ఏం చేశావు నువ్వు?" అని అతనే భయపడ్డాడు. నాకు నిద్ర పట్టడం లేదు. ఈ వయసులో నేను కోర్టుకెక్కితే బాలమణి తట్టుకోలేదు. ఎవరికి అన్యాయం చేశానో ఒక్క ముక్క రాయి తల్లీ.

వీరాంజనేయులు

తా.క. రిక్ ఏమనుకున్నాడో, ఎప్పుడో పట్టుకెళ్లిన నా నిచ్చెన తిరిగిచ్చాడు.

*

అంకుల్,

మీరు ఎవరికీ అన్యాయం చేయలేదు. నా క్లయింట్ బాలమణి ఆంటీ. చెప్పమని ఈరోజే పర్మిషన్ ఇచ్చారు.

ఆంటీకి క్యాన్సర్. గుడికని చెప్పి వెళ్తున్నది ఆసుపత్రికే. మందులు ఇక పనిచేయడం లేదట. "ఆయనకి ఇంటి కాగితాలు ఎక్కడుంటాయో కూడా తెలీదమ్మా, నేను పోయాక ఎవర్ని అడుగుతారు?" అని, అన్నీ సర్దిపెట్టడానికి నా దగ్గరికి వచ్చారు. మీకు చెప్పమని వచ్చినప్పుడల్లా బతిమాలాను.

మీ
నమ్రత

తా.క. ఇది పోస్టులో పంపలేదు. తనే మీ చేతికిస్తానన్నారు. మీరు చదివేదాకా పక్క గదిలో కూర్చుంటారట. లేచి వెళ్లండి అంకుల్.