రెండో చంకకర్ర

జూన్ 4
ఇవాళ కూడా పూల్ గోడకి చెయ్యి తగిలిన ప్రతిసారీ హారిక మొహమే. గట్టిగా కొట్టాను. అరచెయ్యి ఎర్రబడింది. మాస్టారు గట్టు మీద నుంచి – "కోపంతో ఈదితే ఊపిరి బేగి అయిపోతాది, గౌరీ."
అయిపోనీ. పారా ఈత జట్టు సెలక్షన్ దాకా ఉంటే చాలు.

జూన్ 6
రాజాం పూల్ గుర్తు చేసుకోకూడదనుకుంటాను. చేసుకుంటాను.
ఆ రోజు నీళ్ళలోంచి తల ఎత్తితే గట్టు మీద తువ్వాలు ఉంది, దాని కింద పెట్టిన నా కాలు లేదు. పెట్టుడు కాలైతే మాత్రం, నా కాలే కదా. అందరూ చూస్తుండగా చేతుల మీద పాక్కుంటూ బట్టల గది దాకా పోయాను. బకెట్‌లో తలకిందులుగా ఉంది. గుమ్మం దగ్గర హారిక, దాని స్నేహితురాళ్ళు... నవ్వు ఆపుకోలేక నోట్లో తువ్వాళ్ళు కుక్కుకున్నారు.
అక్కడ కోచ్ దాని నాన్నే. చెబితే ఆయన – "సరదాకి సేసుంటారమ్మా. అయినా నిన్ను సూసి పిల్లలు బెదిరిపోతన్నారు. ఇంకో పూల్ సూసుకో."
అందుకే విజయనగరం. అమ్మ, నేను, అమ్మ కుట్టుమిషను.
మరిచిపోను. మరిచిపోతే నేను మనిషినే కాదు.

జూన్ 9
ఇక్కడి గట్టు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. పొద్దున్న మా బ్యాచ్ నీళ్ళలోకి దిగాక చక్రాల కుర్చీ, చంకకర్రలు, పెట్టుడు కాళ్ళు – పెళ్ళింటి ముందు చెప్పుల్లా. ఏదీ దాచక్కర్లేదు. ముందు పైకి వచ్చినవాళ్ళు వెనక ఉన్నవాళ్ళవి అందించాలి. మాకున్న రూలు అదొక్కటే.
మా బ్యాచ్ సింహాచలానికి మోచేతుల కింద చేతులు లేవు. నా కాలు చంకలో ఇరికించుకొని తెస్తాడు. "ఒలే, నీ కాలు కంపు కొడతన్నాది!" వాణ్ణి మళ్ళీ నీళ్ళలోకి తోసేస్తాను. వాడి తిట్లు వినడానికే పొద్దున్నే లేస్తున్నాననుకుంటా.

జూన్ 10
భుజం నొప్పి. ఈదాను.

జూన్ 13
హారిక వచ్చింది.
ఇక్కడ కాలేజీలో చేరిందట. స్కూటీ మీద నుంచి పడిందట. మోకాలికి ఆపరేషన్... నీళ్ళలో నడవమన్నారట. రెండు చంకకర్రలతో, సరిగ్గా మా బ్యాచ్‌లోకే.
అదెవరో, ఏం చేసిందో మాస్టారికి అంతా చెప్పాను. అంతా విన్నారు. తర్వాత – "కర్రతో వచ్చినోలు మనోలే, గౌరీ. నచ్చినోలు, నచ్చనోలు అని లేదు."
దాని కాలు చూస్తే సంతోషంగా ఉంది. ఇలా రాయడానికి సిగ్గేమీ లేదు.

జూన్ 14
"గౌరివి కదేటి? బాగున్నావా?"
బాగున్నావా అట! మొహం తిప్పుకున్నాను.

జూన్ 16
రోజూ అందరికంటే చివర పైకి వస్తున్నాను. దాని కర్రలు ముట్టుకోవలసిన పని పడకూడదు. సింహాచలం కనిపెట్టేశాడు. "రేసులో కూడా ఇలాగే సివర వస్తావేటి?"
ఇవాళ దాని కర్రలు వాడే ఒక్కొక్కటీ తెచ్చి ఇచ్చాడు. హారిక ఏదో అంది. వాడు నవ్వాడు.
ఆ నవ్వు నాది. ఈ పూల్ నాది, ఈ గట్టు నాది. రాజాంలో ఉన్నదంతా దానికే వదిలేసి వచ్చాను కదా, ఇంకేం కావాలి దానికి?

జూన్ 18
చంకకర్రలు బకెట్‌లో పట్టవు. మోటారు గది వెనక పెడితే కనబడవు. చూసి వచ్చాను.

జూన్ 20
ఎల్లుండి మాస్టారు సెలక్షన్‌కి పేర్లు పంపుతారు. ఈదాను. గోడ, హారిక మొహం, గోడ...

జూన్ 21
వాన. సింహాచలం కూడా రాలేదు. నేను, హారిక, మాస్టారు. ఫోన్ మోగితే మాస్టారు గేటు దాకా వెళ్ళారు. చలి. ఆలోచించకుండా నేనే ముందు పైకి వచ్చేశాను. కాలు తగిలించుకొని చూస్తే దాని కర్రలు నా పక్కనే.
అది మెట్లు పట్టుకొని నడుం లోతు నీళ్ళలో. "గౌరీ, కర్రలియ్యవా?"
"ఆరోజు నా కాలు తీసిందెవరు?"
"ఉత్తినే... సరదాకి సేసాం. ఇప్పుడెందుకే అదంతా?"
పెదాలు నల్లబడ్డాయి దానికి. వణుకుతోంది. నేను చూస్తూ నిలబడ్డాను. హాయిగానే ఉంది. చాలా హాయిగా ఉంది.
అప్పుడది రెండు చేతులూ గట్టు మీద ఆనించి ఒళ్ళు పైకి లాక్కోబోయింది – పాకడానికి. ఆ గచ్చు ఎంత గరుకో నాకు తెలుసు.
ఇచ్చాను. ఒకటే ఇచ్చాను.
రెండోది పట్టుకొని బయటికి నడిచాను. వెనక నుంచి పిలుస్తూనే ఉంది. గేటు దగ్గర మాస్టారు కర్ర వంక చూశారు, నా వంక చూశారు. "రేపు దీంతో రా. లేదంటే రాకు." నన్ను తప్పించుకొని లోపలికి పరుగెత్తారు.

జూన్ 22
కర్ర తలుపు మూల నిలబెట్టి ఉంది. అమ్మ లేస్తూనే – "ఎవులిదే అది?"
"మా బ్యాచ్ అమ్మాయిది."
‘మా’ అని నోట్లోంచి వచ్చేసింది. అప్పటి నుంచీ నామీద నాకే ఒళ్ళు మండుతోంది.
బస్సు టైమైంది. మాస్టారు పేర్లు పంపేది ఇవాళే. సంచీ భుజాన వేసుకున్నాను. కర్ర ఇంకా అక్కడే ఉంది.