చేయని పనుల గడి

మార్చి 9, ఆదివారం
మధ్యాహ్నం

అన్నయ్యకు,

కౌంటర్ చెల్లెమ్మ నమస్కారాలు. మీరు, వదిన, పిల్లలిద్దరూ కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. ఇక్కడ మేమంతా బాగున్నాం. మా ఆయన నడుము నొప్పి తగ్గింది. పాప తొమ్మిదో తరగతికి వచ్చింది. నాకంటే రెండు వేళ్లు ఎత్తు పెరిగి, పై అరలో డబ్బాలు నాకు అందిస్తూ మరీ వెక్కిరిస్తోంది.

మూడేళ్ల తర్వాత నా పేరు చూసి కవరు చింపకుండానే పక్కన పడేస్తారేమోనని భయం. అందుకే వెనక వైపు నా పేరు రాయడం లేదు. ఫోన్ చేద్దామని రెండుసార్లు నంబరు నొక్కి, మోగకముందే పెట్టేశాను. నోరు జారితే వెనక్కి తీసుకోలేం. కాగితం మీదైతే కొట్టేసి మళ్లీ రాయొచ్చు. ఇది నాలుగో కాగితం.

ముందు ఒక దొంగపని ఒప్పుకోవాలి. పోయిన నెల మీ వర్క్‌షాపుకి నీలం రంగు పాత కారులో ఒక పెద్దావిడ వచ్చారు, గుర్తుందా? తెల్ల జుట్టు, చంకలో పొడుగాటి గొడుగు, మాట మొదలెడితే ఆపరు. ఆవిడ మా అత్తగారు. మీరు మన షోరూములో పనిచేసినప్పుడు ఆవిడ మా బావగారింట్లో ఉండేవారు కాబట్టి మీరెప్పుడూ చూడలేదు. ఆవిడని మీ దగ్గరికి పంపింది నేనే.

ఎందుకంటారా, ఆర్నెల్లుగా మన పాత షోరూముకి సర్వీసింగు బళ్లు తగ్గిపోతున్నాయి. ఏళ్ల తరబడి వస్తున్నవాళ్లు కూడా ఒక్కొక్కరే మీ వైపు మళ్లుతున్నారు. కొత్త మేనేజరు మీటింగు పెట్టి, వాళ్ల దగ్గర ఏముంది, మన దగ్గర ఏం లేదు అని అడిగాడు. ఒకరు సోఫాలన్నారు, ఒకరు కాఫీ మెషీను అన్నారు. వెయిటింగ్ హాల్లో చేపల తొట్టి పెడితే ఎలా ఉంటుందని మేనేజరే అన్నాడు. చేపలకి మేత ఎవరు వేయాలన్న దాని మీద పావుగంట చర్చ జరిగింది. చివరికి పని నా నెత్తిన పడింది. ఊళ్లో ఉన్న మూడు షోరూములకీ ఒకే కారు పంపించి, మర్యాద ఎలా ఉంది, పని ఎలా ఉంది, పోల్చి రిపోర్టు రాయమన్నాడు. మనదీ కలిపే. మనవాళ్లకి ముందుగా తెలియకూడదన్నాడు.

నా మొహం అందరికీ తెలుసు. అందుకని అత్తగారిని అడిగాను. ఆవిడ ముప్పై ఏళ్లు పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చున్న మనిషి. కౌంటరుకి ఇవతల నిలబడి తప్పులు పట్టే అవకాశం ఇన్నాళ్లకి దొరికిందని సంబరపడిపోయారు.

మా ఆయన ఆ నీలం కారులో మూడు లోపాలు పెట్టాడు. వెనక ఎడమ దీపంలో మాడిపోయిన బల్బు బిగించాడు. ఒక టైరులో గాలి తగ్గించాడు. హ్యాండ్ బ్రేకు కాస్త వదులు చేశాడు. నాలుగోది మేం పెట్టింది కాదు. ఎడమకి తిప్పితే ఎక్కడో 'టక్' మని చప్పుడు. ఎనిమిది నెలలుగా వస్తోంది, ఎవరికీ అంతు చిక్కలేదు.

నా సెలవు రోజున ఆవిడ ముందు మన షోరూముకే వెళ్లారు. చల్లటి గది, కాఫీ, పక్కన రెండు బిస్కెట్లు. పదకొండుసార్లు మేడమ్ అన్నారట. ఆవిడ లెక్కపెట్టారు. కారు అద్దంలా మెరుస్తూ వచ్చింది. చెక్ లిస్టులో అన్ని గళ్లకీ టిక్కులున్నాయి. బల్బు మాత్రం వెలగలేదు. టైరులో గాలి అంతే ఉంది. చప్పుడుకి సస్పెన్షన్ బుష్షులు మార్చాలని రాసిచ్చారు. అత్తగారు ఇంటికొచ్చి గొడుగు మూల పెడుతూ, "అమ్మాయ్, మర్యాదకేం లోటు లేదు. నేను కుర్చీలోంచి లేస్తే ఇద్దరు లేచారు. ఆ కారు దగ్గరే ఎవరూ వంగినట్టు లేదు" అన్నారు. ఆ మాట రిపోర్టులో ఉన్నదున్నట్టు ఎక్కించాను.

రెండోది ఊరి చివర అద్దాల షోరూము. అక్కడ బల్బు మార్చారు, గాలి పట్టారు. కానీ టోకెను ఇచ్చిన మనిషి తప్ప ఇంకెవరూ నోరు విప్పలేదు. చప్పుడు సంగతి అడిగితే, మాకు వినిపించలేదు, మళ్లీ వస్తే తీసుకురండి అన్నారట. మీ చెవులకి వినిపించేలా అరవమని కారుకి చెబుతాను అని ఈవిడ అనేసి వచ్చారు.

మా ఆయన ఆ లోపాలన్నీ మళ్లీ పెట్టాక మూడోది మీది. సోఫాలు లేవు. ప్లాస్టిక్ కుర్చీల్లో ఒకదానికి కాలు విరిగింది. కాఫీ బయటి నుంచి తెచ్చుకోవాలి. ఇవన్నీ కూడా రాశాను, ఏమనుకోకండి. మీరే గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చారట.

"చప్పుడు ఎప్పుడొస్తుందమ్మా?" అని అడిగారట.

"ఎడమకి తిప్పితే నాయనా."

"మీరొక్కరే ఉన్నప్పుడా, పక్క సీట్లో మనిషున్నా వస్తుందా?"

ఆ ప్రశ్న అప్పటిదాకా ఎవరూ వేయలేదు. తర్వాత ఆవిడనే నడపమని, మీరు వెనక సీట్లో చెవి ఆనించి పడుకున్నారట. అప్పట్లో మీరు ఇంజను మీద స్క్రూడ్రైవరు ఆనించి, రెండో కొస చెవిలో పెట్టుకుని వినేవారు, మేమంతా మిమ్మల్ని డాక్టరుగారూ అని పిలిచేవాళ్లం, ఆవిడ చెబుతుంటే అదే కళ్ల ముందు కదిలింది. "నిద్రపోవడం లేదు కదా నాయనా?" అని ఆవిడ అడిగితే, "ఒక్క నిమిషం మాట్లాడకండమ్మా" అన్నారట. మా అత్తగారికి ఆ మాట చెప్పి బతికి బట్టకట్టిన మొదటి మనిషి మీరే అన్నయ్యా. మూడో మలుపులో సీటు కిందికి చెయ్యి పోనిచ్చి, రేకు కళ్లద్దాల పెట్టె ఒకటి బయటికి లాగారట. ఎనిమిది నెలల కిందట పోయిందని ఆవిడ ఇల్లంతా తలకిందులు చేసిన పెట్టె అది! పాపే ఎక్కడో పారేసిందని నిందలు కూడా వేశారు. ఆ సాయంత్రం మనవరాలి ముందు నిలబడి, "తప్పు నాదేనే తల్లీ" అని ఒప్పుకున్నారు. మా ఇంట్లో ఇలాంటిది జరగడం అదే మొదలు.

ఇంతవరకూ నవ్వుకుంటూనే విన్నాను. ఆ తర్వాత అత్తగారు మీరిచ్చిన కాగితం తీసి నా చేతిలో పెట్టారు.

బల్బు మార్చాం, గాలి పట్టాం, హ్యాండ్ బ్రేకు బిగించాం అని వరసగా ఉంది. కింద చేత్తో గీసిన ఇంకో గడి. దాని మీద 'చేయని పనులు' అని ఉంది. అందులో మీ అక్షరాలు: 'బ్రేక్ ఆయిల్ మార్చలేదు. స్టాకు లేదు. ఇంకో రెండు నెలలు నడపొచ్చు, ఆ పైన వద్దు.' పక్కన కస్టమరు చదివినట్టు సంతకం. అత్తగారు సంతకం పెట్టేదాకా మీరు తాళాలు ఇవ్వలేదట.

వంటింటి గట్టు దగ్గర నిలబడి చదివాను. స్టవ్వు మీద పాలు పొంగిపోతున్నా ఆపలేదు. ఆ గడి ఎందుకు పుట్టిందో మీ తర్వాత ఈ ఊళ్లో నాకే తెలుసు.

ఆ లెక్కల టీచరుగారి కారు సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది. చెక్ లిస్టులో బ్రేక్ ఆయిల్ మార్చినట్టు టిక్కు ఉంది. నిజానికి మార్చలేదు. పది రోజుల తర్వాత దిగుడులో బ్రేకులు పట్టక కారు గోడకి కొట్టింది, ఆవిడ కుడి మణికట్టు విరిగింది. ఎంక్వైరీలో మీరు, స్టాకు లేదని కౌంటర్లో చెప్పానండీ, అన్నారు. నన్ను అడిగితే, సాయంత్రం రద్దీలో ఎవరేం చెప్పారో గుర్తులేదండీ, అన్నాను. తప్పంతా మీ మీద పడింది. మీరు స్పానర్లన్నీ పెట్టెలో సర్దుకుని వెళ్లిపోయారు. నాకు ఇంకాస్త జ్ఞాపకశక్తి ఉంటే బాగుండేదని ఆ తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. వెళ్లేటప్పుడు అత్తగారు, "ఇంత ఓపిగ్గా మాట్లాడడం ఎక్కడ నేర్చావు నాయనా?" అని మిమ్మల్ని అడిగారట. మీరేమన్నారో ఆవిడ నాకు అదే గొంతుతో చెప్పారు. "పాత చోట కౌంటర్లో ఒక చెల్లెమ్మ ఉండేదమ్మా. కోపంగా వచ్చినవాళ్లని కూడా నవ్వించి పంపేది. చూసి నేర్చుకున్నాను" అన్నారట. ఆ చెల్లెమ్మ ఎవరో ఆవిడకి తెలియదు. "ఎవరోగానీ మంచి పిల్లయ్యుంటుంది" అన్నారు.

రిపోర్టులో మర్యాదకి మనవాళ్లకి, పనికి మీకు మొదటి స్థానం ఇచ్చాను. మేనేజరు రెండుసార్లు చదివాడు. కోప్పడతాడనుకున్నాను, కోప్పడలేదు. చేపల తొట్టి మాట మాత్రం ఇంకెవరూ ఎత్తొద్దన్నాడు. వచ్చే వారం నుంచి ఆ 'చేయని పనులు' గడి మన కాగితంలోనూ అచ్చు వేయిద్దామన్నాడు. ఆ ఆలోచన వేరేవాళ్లది, అడగకుండా తీసుకోకూడదని నేనన్నాను. అయితే నువ్వే అడుగు, అన్నాడు.

ఈ ఉత్తరం అందుకే అన్నయ్యా. మీరు సరే అంటేనే ఆ గడి మా కాగితం మీదికి వస్తుంది. వద్దంటే రాదు. ఒక్క ముక్క రాసినా చాలు.

వదినకి నా నమస్కారాలు, పిల్లలకి దీవెనలు.

ఇట్లు,
మీ చెల్లెమ్మ

తా.క.
మార్చి 13, గురువారం

ఈ ఉత్తరం నాలుగు రోజులుగా నా బ్యాగులోనే ఉంది. పోస్టు డబ్బా ముందు నుంచి రెండుసార్లు నడిచి వెళ్లాను. ఆదివారం రాసినదంతా నిజమే, ఒక్కటి తప్ప. నా జ్ఞాపకశక్తికి ఏ లోపమూ లేదు.

ఆ రోజు నాలుగూ ఇరవైకి మీరు కౌంటరు దగ్గరికి వచ్చారు. బూట్లకి ఆయిలు అంటుకుందని తివాచీ మీద అడుగు పెట్టకుండా గుమ్మం దగ్గరే నిలబడి, "చెల్లెమ్మా, బ్రేక్ ఆయిల్ స్టాకు రాలేదు. టీచరుగారికి చెప్పు, వారంలో మళ్లీ తెమ్మను" అన్నారు. "సరే అన్నయ్యా" అన్నాను. అప్పుడు ఆవిడ నా ఎదురుగానే ఉన్నారు, గడియారం చూసుకుంటూ. నాలుగింటికల్లా కారు ఇస్తానని మాటిచ్చింది నేనే. ఇప్పుడీ సంగతి చెబితే రుసరుసలాడతారు, రేపు ఫోన్లో మెల్లగా చెబుదాం అనుకున్నాను. ఖాళీగా ఉన్న ఆ ఒక్క గడిలో టిక్కు పెట్టింది నేను. మర్నాడు ఫోన్ చేయలేదు. ఆ మర్నాడూ చేయలేదు. ఎంక్వైరీలో నా వంతు వచ్చినప్పుడు మీరు నా వైపు నిశ్చింతగా చూస్తూ కూర్చున్నారు, నేను ఎలాగూ నిజం చెబుతాననుకుని. ఆ చూపు చూస్తూనే గుర్తులేదన్నాను.

సోమవారం మా యజమానికి ఇదంతా రాసి సంతకం పెట్టి ఇచ్చాను. మీ పేరు మీదున్న మచ్చ తుడిచేసి, ఆ సంగతి మీ యజమానికి కూడా తెలియజేస్తామన్నారు. నా సంగతి శుక్రవారం తేలుస్తామన్నారు. నిన్న టీచరుగారింటికి వెళ్లాను. ఎడమ చేత్తో తలుపు తీశారు. నేను చెప్పిందంతా నిలబడే విన్నారు, కూర్చోమనలేదు. చివర్లో ఒక్కటే అడిగారు: "ఆ మెకానిక్కుకి చెప్పారా?"

ఇంకా లేదన్నాను.

"ముందు అక్కడికి వెళ్లాల్సింది" అని తలుపు వేసుకున్నారు.

మీరు జవాబు రాయాలనుకుంటే షోరూముకి కాదు, ఇంటికి రాయండి. రేపటి తర్వాత ఆ కౌంటర్లో నేనుంటానో లేదో తెలియదు.