కుడికాలికి తెలిసే వేడి

ఏలూరు,
12-5-2006.

ప్రియమైన సీమోనుకు,

ఇమాం సాహెబ్ సలాములు. దేవుడి దయవల్ల ఇక్కడ నేనూ ఖదీజా బాగానే ఉన్నాం. కలిదిండిలో నువ్వూ, సలోమి చెల్లెమ్మా, నీ చేపలూ చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను.

నిన్న చెల్లెమ్మ కొర్రమీను తెచ్చింది. రెండేళ్లుగా వారం వారం చేప వస్తోంది, నువ్వు మాత్రం రావు. ఆ రోజు నీ లారీ మీద నేను టార్పాలిన్ చిరుగు కుడుతుంటే, నువ్వు నిచ్చెన వదిలి సెల్‌ఫోను ఎత్తావనీ, అందుకే నేను పడ్డాననీ ఇంకా కుమిలిపోతున్నావట. ఫోను బీరువాలో పెట్టి తాళం వేశావట. నిచ్చెన పట్టుకోలేనివాడికి ఐసు షెడ్డెందుకని సోమవారం అమ్మకం కాగితాలు రాసేస్తున్నావనీ, తను చెప్పినా వినడం లేదండీ అన్నయ్యగారూ అనీ చెల్లెమ్మ ఏడ్చింది. నాకు ఒళ్లు మండింది. ఛాతీ కిందనుంచి కుడివైపు మాత్రమేలే.

వెన్నుపాము కుడిసగం నలిగిందని నీకు తెలుసు. ఫిజియోథెరపీ జ్యోత్స్నమ్మ బొమ్మ గీసి చెప్పింది. వేడీ చలీ కబురు వెన్నుపాములోకి రాగానే రెండో పక్కకు దాటి మెదడుకు పోతుందట. కాలు కదపమనే ఆజ్ఞ మాత్రం ఏ పక్కన దిగితే ఆ పక్క కాలికేనట. అందుకని నా ఎడమకాలు నడుస్తుంది, దానికి వేడి తెలియదు. కుడికాలికి వేడి తెలుస్తుంది, అది నడవదు. మాటల్లేని తోడికోడళ్లతో కాపురంలా ఉంది నా పని.

చెమట పట్టమనే ఆజ్ఞ కూడా కుడివైపు సరిగా దిగదు. ఈ ఎండల్లో చొక్కా ఎడమవైపు తడిసి ముద్దవుతుంది, కుడివైపు పొడిపొడి. చెమట లేకపోతే ఒళ్లు చల్లబడదు కనుక ఖదీజా కుడివైపు తడిగుడ్డ కప్పి విసురుతూ, చాకిరీ సగం తగ్గిందని మురిసిపోతుంది.

జనవరి చలిలో మరో ఘనకార్యం చేశాను. స్నానాలగదిలోకి ఎడమకాలు ముందు పెట్టడం మా ఆచారం కదా. పెట్టాను, అది తిన్నగా వేణ్ణీళ్ల బేసిన్లో పడింది. ఏవండీ, నీళ్లు సరిపోయాయా అని ఖదీజా అడిగింది. చల్లగా ఉన్నాయి, మరిగినవి ఇంకో చెంబు పొయ్యమన్నాను. పోసింది. కాలు తీసేసరికి అన్నీ బొబ్బలే. ఇప్పుడు గదిలోకి ఎడమకాలు, నీళ్లలోకి కుడికాలు. స్నానానికి అరగంట పడుతోంది.

సీమోనూ, నువ్వు లేక నాకేం బాగోలేదు. ఒక్కసారి రా.

నీ
ఇమాం సాహెబ్

తా.క.: నేను నిచ్చెన మీదనుంచి పడలేదు. అసలు దిగడానికి దాని దగ్గరికే రాలేదు. కుట్టడం అయిపోయింది, పైన ఎండ మాడ్చేస్తోంది, టార్పాలిన్ కింద నీ ఐసు. వీపు ఆనిస్తే ఎంత హాయిగా ఉందో! కునుకు పట్టింది. ఒత్తిగిలేసరికి కింద లారీ లేదు. అందరూ నీ ఫోనునే తిట్టారు, నిద్రపోయి పడ్డానని చెప్పడానికి సిగ్గేసి నేనూ తలూపాను. ఆసుపత్రిలో నువ్వు నా కాళ్లు పట్టుకుని ఏడ్చినప్పుడు కూడా నోరు విప్పలేదు. పైనున్న ఉత్తరమంతా ఒక్క పూటలో రాశాను, ఈ నాలుగు ముక్కలకు రెండేళ్లు పట్టింది. షెడ్డు అమ్మకు. సోమవారం ఇక్కడికి వచ్చి నన్ను తిట్టు.