ఫోన్లు ఆపుకున్న ఊరు

కాబోయే నర్సమ్మగారికి,

మీ మెకానిక్ మొగుడు రాస్తున్నాడు. ఇక్కడ నేనూ, బుజ్జిదీ, అమ్మా క్షేమం. నీ ఒంట్లో బాగుందనీ, హాస్టల్ తిండి కాస్త అలవాటైందనీ అనుకుంటున్నాను. క్షేమమన్నది మనుషుల మాట. ఊరి సంగతి రాయాలంటే మాత్రం పెన్ను పట్టుకోవడానికే అసహ్యంగా ఉంది.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, తగ్గిందని ఒప్పుకోవడమే లేదు. షెడ్డు మీద చిల్లుపడిన రేకు మార్పించాను. బుజ్జిదానికి కింది పన్ను ఒకటి ఊడింది, ఆ సందులోంచి ఈల వేయడం నేర్చుకుని ఇల్లు పీకి పందిరేస్తోంది. నువ్వు వీడియోలో కనిపించినప్పుడల్లా అది మొహం ఎందుకు తిప్పేసుకుంటోందని అడిగావు. దానికి చివర్లో రాస్తాను.

మన ఇంటర్నెట్ పోరాటం ఏమైందన్నావు. కేబుల్ మెయిన్ రోడ్డు దాకా వచ్చి అక్కడే ఆగిపోయిందని నీకు తెలుసు. ఊళ్లోకి లాగమనీ, పట్నంలో తీసుకునే రేటుకే ఇవ్వమనీ ఏడాదిగా కంపెనీ చుట్టూ కాళ్లరిగేలా తిరుగుతున్నాం. వాళ్లది ఒకటే పాట, మీకు టవర్ ఉంది, చాలినంత స్పీడు వస్తోంది అని. ఉన్న ఆ ఒక్క టవర్‌నీ పట్టుకుని ఊరంతా వేలాడుతోంది. సాయంత్రం నలుగురూ ఫోన్లు తెరిస్తే ఎవరికీ ఏదీ రాదు. పైగా పట్నంవాళ్లకంటే మనకే బిల్లెక్కువ. ఆ టవర్ కిందే 'మెరుపు వేగం మీ గుమ్మంలోకి' అని తాటికాయంత అక్షరాలతో బోర్డు పెట్టారు. రోజూ షెడ్డు తెరవగానే ఎదురుగా అదే.

చివరికి ప్రభుత్వం తనిఖీ అధికారిని పంపుతామంది. ఆయన మెషిన్‌లో స్పీడు తక్కువని తేలితే కంపెనీ కేబుల్ వేసి తీరాలి. మొన్న బుధవారం నేనే రోడ్డు మీదికెళ్లి ఆయన్ని బండి మీద ఎక్కించుకొచ్చాను. మా ఊళ్లో బొమ్మ కదలదు సార్, మాట తెగిపోతుంది సార్ అని దారిపొడవునా చెబుతూనే ఉన్నాను.

ఊళ్లోకి వచ్చేసరికి వీధులన్నీ అద్దంలా ఊడ్చి ఉన్నాయి. ఊరిపెద్దగారు ఇస్త్రీ చొక్కాలో ఎదురొచ్చారు. పంచాయతీ ఆఫీసు వరండాలో అధికారి మెషిన్ తెరిచాడు. అందులో ఎవరో ఒకావిడ మాట్లాడుతున్న వీడియో మొదటి నుంచి చివరి దాకా ఎక్కడా ఆగకుండా ఆడింది. ఆయన నా వంక చూసి నవ్వాడు.

"ఇంత స్పీడు మా ఆఫీసులో కూడా రాదండీ. అసలు మీ కంప్లైంట్ దేని గురించి?"

పక్కకి చూస్తే కిరాణా బాబాయి చేతిలో ఫోను నల్లగా ఉంది.

"ఏంటి బాబాయ్, ఫోన్ ఆపేశావా?"

"పెద్దాయన మైకులో చెప్పించారు కదరా. ఆఫీసరుగారి మెషిన్‌కి అడ్డం రాకూడదని ఊరంతా ఆపేశాం. ఒక్కడంటే ఒక్కడు తెరవలేదు, కావాలంటే అడుగు."

ఆ గొంతులో గర్వం నువ్వు వినాలి. ఇల్లు కారుతోందని చూపించడానికి మనిషిని పిలిచి, ఆయనొచ్చేసరికి నేల తుడిచి, నీళ్లు పట్టిన గిన్నెలు దాచేసినట్టు చేశారు. సార్, ఇప్పుడు అందరిచేతా ఫోన్లు తెరిపిస్తాను, ఇంకొక్కసారి చూడండి అని బతిమాలాను. ఆయన సంచి జిప్పు లాగేశాడు. "అర్జీకి ఒక్కసారేనండీ. రిపోర్టు వెళ్లిపోయింది." వెళ్లిపోయిందట, మన నెట్ మీదే.

కంపెనీ అంటే వెగటు ఎప్పటిదో. ఆ అధికారి మీదా పుట్టింది. సాయంత్రం అందరూ ఫోన్లు తెరిచి, నెట్ రావడం లేదేంట్రా అని నా షెడ్డు ముందే చేరారు చూడు, అప్పుడు మనవాళ్ల మీదా పుట్టింది. అతి వినయం ధూర్తలక్షణం అంటారు. వీళ్లకి ఆ ధూర్తత్వం ఉన్నా బాగుండేది. మళ్లీ అర్జీ పెట్టాం. ఈసారి ఫోన్లన్నీ తెరిచి ఉంచండని పెద్దాయన చేతే మైకులో చెప్పిస్తాను.

ఇక బుజ్జిది. అది రోజూ నీకోసం అడుగుతోందని ఇన్నాళ్లూ రాసింది అబద్ధం. నీ మనసు చదువు మీద నిలవాలని రాశాను. ఆ రోజు వరండాలో అది నా పక్కనే ఉంది. మెషిన్‌లో వీడియో చూసి, "ఈ ఆంటీ ఆగట్లేదేంటి నాన్నా?" అంది.

నిన్న పక్కింటి పిల్లతో అమ్మా నాన్నా ఆట ఆడుతోంది. గోడకి ఆనుకుని, నోరు సగం తెరిచి, రెప్ప వేయకుండా బిగుసుకుపోయి కూర్చుంది. ఫిట్స్ వచ్చిందేమో అనుకున్నాను. పరుగెత్తుకెళ్లేసరికి కదిలి, "హలో, వినిపిస్తోందా?" అని మళ్లీ బిగుసుకుపోయింది. ఏం చేస్తున్నావే అన్నాను.

"నేను అమ్మని నాన్నా" అంది.

పిల్లని చూస్తే మనసు చెదురుతుంది, పరీక్షలయ్యేదాకా రావద్దన్నావు. ఈసారి నీ మాట వినను. ఆదివారం పొద్దున బస్సుకి దాన్ని తీసుకుని వస్తున్నాను. నువ్వు బస్టాండ్‌లో ఒకచోట నిలబడి మాకోసం చూడొద్దు. చెయ్యి ఊపుతూ, నడుస్తూ ఎదురు రా.

ఇట్లు,
బుజ్జిదాని నాన్న